గోలెంలో జామచెట్టు

పోయిన వారం మా అమ్మ పురానాపూల్ నుంచి ఉప్పుగూడకు నన్ను చూడటానికి వచ్చింది. నన్ను అనడం మర్యాద కోసం. నిజానికి ఆమె వచ్చింది నా కూతురు వేద కోసం. మూడేళ్ళు కూడా నిండని పిల్ల ముద్దను నమలకుండా బుగ్గన దాచుకుంటుందని, చేతులు పుల్లల్లా ఉన్నాయని, డాక్టరు బాగానే ఉందన్నా నాకు నమ్మకం కుదరడం లేదని రోజూ ఫోనులో చెప్పే మాటలకు అమ్మ విసిగిపోయి, ఒక డబ్బాలో జొన్నరొట్టెలు, ఇంకో డబ్బాలో గడ్డపెరుగు కట్టుకుని ఆటో ఎక్కేసింది. వేద రొట్టెముక్క ఒకటి కొరికి, మిగతాది సోఫా కింద పెట్టి ఆటకు పోయింది. నేను గిన్నె పట్టుకుని దాని వెనకాల తిరుగుతుంటే అమ్మ కాసేపు చూసి లేచింది. తడి తువ్వాలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్ళి, అక్కడ నా జామమొక్క ముందు ఆగిపోయింది.

ఆ మొక్కను ఎండాకాలం చివర్లో నర్సరీ బండి మీద కొన్నాను. అంటు జామ, కుండీలోనే కాస్తుంది, పాప చేతికందే ఎత్తులో కాయలు వేలాడతాయి అని బండి అతను చెప్పిన మాట నా మనసులో ఉండిపోయింది. తన చేత్తో తెంపుకున్న కాయనైనా వేద తింటుందేమోనని ఆశ. నీలం పూలున్న తెల్లటి పింగాణీ కుండీ ఒకటి కొన్నాను. దాని అడుగున రంధ్రం లేదు. లేకపోవడమే మంచిదనుకున్నాను. మా బాల్కనీ నుంచి చుక్క నీళ్ళు కారినా కింది అంతస్తు ఆంటీ ఆరేసిన బట్టల మీద పడతాయి, ఆమె లొల్లి పెడుతుంది. అడుగున గులకరాళ్ళు పోస్తే చాలని ఫోనులో ఏదో వీడియోలో చెప్పారు. ఉదయం నీళ్ళు, సాయంత్రం నీళ్ళు, మధ్యలో బియ్యం కడిగిన నీళ్ళు, అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళు. ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఆకలేమో అనుకుని ఇంకా పోశాను.

అమ్మ చూపుడువేలు మట్టిలో గుచ్చి, బయటికి తీసి, వాసన చూసింది. చూసి గట్టిగా నవ్వింది.

"ఏందే ఇది? అచ్చం మీ తాత గోలెం వాసన వస్తుంది!"

"ఏ గోలెం?"

"ఏ గోలెం అంటవేంది? జామచెట్టు గోలెం. దీనికి కింద బొక్క ఉన్నదా, లేదా?"

లేదన్నాను.

"ఇగ ఏం జెప్పాలె! మల్లన్న మన్మరాలివి అనిపిచ్చినవ్," అంది.

ఖాళీ పెయింటు బకెట్ ఒకటి వెతికించింది. స్క్రూడ్రైవర్‌ను గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి బకెట్ అడుగున గుచ్చుతుంటే ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు. ఆ పొగ పాపకు ఎక్కడ పడదోనని నేను కిటికీలన్నీ తెరిచాను. మొక్కను కుండీలోంచి లాగితే అడుగు వేళ్ళు గోధుమరంగుకు మారి, పట్టుకుంటే జిగురుగా ఊడి వస్తున్నాయి. అమ్మ వాటిని వంటింటి కత్తెరతో కత్తిరించి, పొడిమట్టిలో ఇసుక కలిపి, మొక్కను బకెట్లో నిలబెట్టి, కారే నీళ్ళకు కింద ఒక పాత పళ్ళెం ఉంచింది.

"బతుకుతదా అమ్మా?"

"బతికితే బతుకుతది. నువ్వైతే రోజూ గెలికి గెలికి చూడకు."

ఆమె వెళ్ళిపోయాక కూడా నా చేతుల్లోంచి ఆ వాసన పోలేదు. నిలిచిపోయిన నీళ్ళు, పులిసిన బియ్యపు కడుగు, ఊపిరాడని మట్టి. పాప నిద్రపోయాక నాకంటూ దొరికే ఈ కాస్త సమయంలో, ఆ వాసన గుర్తుండగానే ఇదంతా రాసుకుంటున్నాను.

పురానాపూల్‌లో మా ఇంటికి ముందు గది ఉండేది కాదు, కొట్టం ఉండేది. గల్లీలోంచి తలుపు తోస్తే ముందు బర్రెలు, వాటిని దాటితే షాబాదు బండలు పరిచిన చిన్న వాకిలి, ఆ తరువాతే మనుషులుండే రెండు గదులు. చుట్టాలొచ్చినా, కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా బర్రెల తోకలు తప్పించుకునే లోపలికి రావాలి. తవుడు, నానిన పల్లిచెక్క, పచ్చిగడ్డి, పేడ, పొయ్యి మీద పొంగుతున్న పాలు, ఇవన్నీ కలిసిన వాసన మా బట్టల్లో ఉండేది, నా బడిసంచిలో ఉండేది, లెక్కల పుస్తకం తెరిస్తే అందులోంచి కూడా వచ్చేది. ఆ వాసన మాకు వాసనలా తెలిసేది కాదు. ఎవరి ఇంటికైనా పండుగకు వెళ్ళి తిరిగొచ్చినప్పుడు మాత్రం, తలుపు తోసిన ఆ ఒక్క క్షణం తెలిసేది. అంతలోనే మరిచిపోయేవాళ్ళం.

కొట్టంలో గోడవారన రెండు గోలేలు ఉండేవి. గోలెం అంటే పశువులు నీళ్ళు, కుడితి తాగే పెద్ద తొట్టి. నేను లోపల దిగి కూర్చుంటే బయటివాళ్ళకు కనిపించనంత లోతు. తాత తండ్రి ఇనుప తీగ అల్లి, సిమెంటు పూసి, రెండింటినీ జతగా కట్టాడట. ఒకటి మంచినీళ్ళకు, ఒకటి కుడితికి. గోలెం గొప్పతనమంతా కారకపోవడంలోనే ఉంటుంది. తాత వాటిని కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, అంచుదాకా నీళ్ళు నింపి, మట్టం తగ్గకపోతే ఎవరో మెచ్చుకున్నట్టు మీసం సవరించుకునేవాడు. దీపావళి వెళ్ళగానే వచ్చే సదర్ పండుగకు బర్రెలను కడిగి, కొమ్ములకు రంగు వేసి, మెడలో గవ్వల దండలు కట్టి ఊరేగించే రోజున, గోలేలకు కూడా సున్నం కొట్టి జాజు బొట్లు పెట్టేవాడు. వాటి అంచు మీద ఎవరైనా కాలు పెడితే ఊరుకునేవాడు కాదు.

తాతను గల్లీ అంతా మల్లన్న అనేది. చీకటుండగానే లేచేవాడు. మాతో ముక్తసరిగా మాట్లాడే మనిషి బర్రెలతో మాత్రం తెగ మాట్లాడేవాడు. ఏ బర్రెకు ఎండ పడదో, ఏది ఎవరి చేతికి పాలివ్వదో, ఏది అలిగితే చెవులు ఎలా పెడుతుందో ఆయనకు తెలుసు. పొడుగు కాడ ఉన్న కొలతను పాలక్యానులో ముంచి, గిన్నెలో పోసి, ఆ తరువాత చేయి ఒకసారి వంచి కొసరు పోసేవాడు. అవ్వకు, అంటే మా నాయనమ్మకు, ఆ కొసరు మీద కోపం. "కొసరు పోసీ పోసీ ఒక బర్రె పాలు పంచినవ్ లోకానికి," అనేది. ఆయన వినిపించనట్టు ఇంకో చుక్క పోసేవాడు.

ఒక వానాకాలం తాత ఆ తడి బండల మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళు అమ్మ, అవ్వ కలిసి కొట్టం నడిపారు. నాన్న బస్సు డిపోలో మెకానిక్, ఆయన డ్యూటీలు ఆయనకు. తాత కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసే నాటికి, ఇక ఈ పని ఆయన వల్ల కాదని ఆయనతో సహా అందరికీ అర్థమైంది. శంకర్‌పల్లి వైపు ఒక ఊళ్ళో ఉండే రాములు, తాతకు మేనల్లుడు, బర్రెలన్నింటినీ తీసుకుంటానన్నాడు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చుట్టాల మధ్య పశువులు చేతులు మారితే, అమ్మిన మనిషి తనకు ప్రాణమైన బర్రెను ఒకదాన్ని పేరుపెట్టి చెబుతాడు. దానికి పుట్టే మొదటి పెయ్యదూడ, అంటే ఆడదూడ, తిరిగి పాత ఇంటికే రావాలి. తాత సుక్క పేరు చెప్పాడు. నుదుటి మీద తెల్లమచ్చ ఉండే బర్రె. రాములు దాని వీపు మీద చెయ్యి వేసి, "మొదటి పెయ్య నీదే మామా," అని మాట ఇచ్చి, లారీ ఎక్కించుకుని పోయాడు.

ఆ తరువాత ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, అవ్వ వంటింట్లో చెంచా కింద పెట్టినా కొట్టంలోకి వినిపించేది. తాత మాత్రం పాత వేళకే లేచేవాడు. ఆయన లేస్తాడు గనక అమ్మ కూడా లేచి చాయ్ పెట్టేది. ఆయన ఆ గ్లాసు పట్టుకుని ఖాళీ కొట్టంలో గోలెం పక్కన కూర్చుని, చాయ్ చల్లారిపోయాక తాగేవాడు. అన్నం కలిపి, రెండు ముద్దలు తిని, చెయ్యి కడిగేసుకునేవాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోవడం మొదలైంది. "మనిషి మన కండ్ల ముందట్నే కరిగిపోతుండు," అని అవ్వ అమ్మతో అనేది. "చెట్టో గిట్టో, ఏదన్న ఒకటి ఉండాలె ఆయన చేతికి."

చెట్టన్న మాట నోటికొచ్చింది గనక చెట్టే తెచ్చింది. పూల బండి మీద దొరికిన దానిమ్మ మొక్కను తెచ్చి తాత ముందు పెట్టింది.

"ఏడ పెడ్తవో పెట్టు."

"ఏడ పెట్టాలె? నీ నెత్తి మీదనా? ఇంట్ల మట్టి ఏడున్నదే?"

నిజమే, ఇంట్లో ఎక్కడ చూసినా బండలే. తాత కర్రతో బండలను తడుతూ వాకిలంతా తిరిగాడు. చివరికి కుడితి గోలెం దగ్గర ఆగాడు.

"పెయ్య వచ్చేదాక ఇది ఖాళీనే కద. గప్పటిదాక ఇండ్ల ఉంటది," అన్నాడు.

మా తాతకు మొక్కల పెంపకం తెలియదు. ఆయనకు తెలిసింది బర్రెల పెంపకం. అందుకని దానిమ్మను బర్రెలాగే పెంచాడు. చుట్టాల కొట్టం నుంచి అప్పుడే వేసిన పేడ తెప్పించి గోలెంలో సగందాకా నింపాడు. పొద్దున కుడితి, సాయంత్రం కుడితి, అందులో గుప్పెడు తవుడు. తడిగుడ్డతో ఆకులు తుడిచేవాడు. బర్రె ఒంటి మీద గోమార్లు పట్టాయేమో చూసినట్టు ఆకులను తిప్పి అడుగు వైపు చూసేవాడు. దిష్టి తగలకుండా సదర్‌కు సుక్క మెడలో కట్టిన గవ్వల దండను దాని కాండానికి చుట్టాడు. మా ఇంటికి ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే ఖాజా భాయ్ ఒకప్పుడు మా దగ్గర ఖాతా మీద పాలు పోయించుకున్నవాడు. తలుపు తీసి ఉంటే చాలు, అక్కడి నుంచే కేకేసేవాడు.

"క్యా మల్లన్నా! ఝాడ్ కు బీ కుడితి పిలారై?" చెట్టుకు కూడా కుడితి తాపుతున్నావా అని ఎగతాళి.

"హౌ ఖాజా భాయ్. పాలిస్తే నీకే మొదలు పోస్త."

పచ్చిపేడ వేడికి దానిమ్మ ఎండిపోయింది. "దానికి అరగలే," అని తాత తీర్మానించాడు. అవ్వ ఈసారి జామమొక్క తెచ్చింది. ఈసారి తాత ఆరిన పేడ కొంచెమే వేసి, మట్టి ఎక్కువ పోశాడు. మొక్క నిలబడింది, చిగురు కూడా వేసింది. కానీ పోసిన నీళ్ళు ఎటూ పోవు. గోలెం ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. పైన మట్టి పొడిగా కనిపించేది, లోపల బురద. కొద్ది వారాలకే ఆకులు పసుపుబారాయి, గోలెం నుంచి పుల్లటి వాసన మొదలైంది. అది చూసి నాన్న ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూనే అన్నాడు.

"బాపు, కింద చిన్న బొక్క ఏస్తే అయిపాయె. డ్రిల్లు నా దగ్గరున్నది. రెండు నిమిషాల పని."

"గోలేనికి బొక్కా?"

"ఎయ్యకపోతే ఇది గూడ చస్తది."

"రేపు పెయ్య వస్తే? నీ బూట్లల్ల పోస్తనా దానికి కుడితి?"

"ఇంకో గోలెం ఉన్నది కద!"

"అది నీళ్ళది. ఇది కుడితిది. గది గూడ నేనే జెప్పాల్నా? ఈ ఇంట్ల పుట్టలేదా నువ్వు?"

నాన్న వంగి బూట్లు విప్పుకున్నాడు. గోలేనికి రంధ్రం పడిందంటే ఈ కొట్టంలోకి ఇక బర్రె రాదని ఒప్పుకున్నట్టే. జామ బతకాలంటే గోలెం కారాలి. పెయ్య రావాలంటే గోలెం కారకూడదు. నా వయసు పిల్లకు కూడా అర్థమయ్యేంత తేటగా ఉంది ఆ సంగతి, కానీ ఇంట్లో దాన్ని ఎవరూ పైకి అనలేదు.

తాత దానికి తన దారి తాను కనిపెట్టాడు. ఖాజా భాయ్ దగ్గర ఒక లావాటి పైపు ముక్క తెచ్చి, గోలెం మూలన మట్టి తవ్వి, అడుగుదాకా దించాడు. మట్టిలోని నీళ్ళన్నీ ఊరి ఆ పైపులోకి చేరేవి. పాలు కొలిచే పొడుగుకాడ కొలతను మళ్ళీ బయటికి తీశాడు. తెల్లవారకముందే గోలెం పక్కన పీట వేసుకుని, కొలతను పైపులోకి దించి, నల్లటి నీళ్ళను ఒక్కొక్క కొలత చొప్పున తోడి బకెట్లో పోసేవాడు. బకెట్లో పడే ఆ చప్పుడు నాకు పక్కలోకి వినిపించేది. ఒక్క క్షణం బర్రెలు తిరిగొచ్చాయేమో అనిపించేది.

"దూద్ నికాల్రై క్యా మల్లన్నా?" పాలు పిండుతున్నావా అని ఒకరోజు ఎదుటి నుంచి ఖాజా భాయ్ కేకేశాడు.

"హౌ. గిన్నె తెచ్చుకో భాయ్. నీకు కొసరు గూడ పోస్త!"

ఆ జవాబు విని అవ్వ వంటింట్లో నవ్వింది. తాత నోట హాస్యం వినక చాలా రోజులైంది. ఆకలి కూడా మెల్లగా తిరిగొచ్చింది. నీళ్ళు తోడి వచ్చి కూర్చుని, రొట్టె ఇంకోటి వెయ్యమనేవాడు. జామ కూడా ఆకుపచ్చగా తిరిగింది. వానాకాలంలో మాత్రం కష్టమైంది. కొట్టం కప్పు రేకులు పాతబడి, ఒక వైపు నుంచి వాన నేరుగా గోలెంలోకి పడేది. తాత తల మీద గోనెసంచి కొప్పెర పెట్టుకుని, తోడిందే తోడుతూ, దగ్గుతూ కూర్చునేవాడు. ఆ రోజుల్లో నాన్న ఇంట్లోకి డ్రిల్లు పెట్టె తెచ్చి మంచం కింద పెట్టాడు. తాత దాన్ని చూశాడు. తీసెయ్యమని మాత్రం అనలేదు.

ఆ రోజుల్లో నేను తాతనే చూశాను. అందరమూ ఆయన్నే చూశాం. అమ్మ సంగతి నాకు పోయిన వారమే తెలిసింది. బాల్కనీలో కుళ్ళిన వేళ్ళు కత్తిరిస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "బర్రెలు పోయిన్నాడు నేను బాత్రూమ్‌ల తలుపేసుకోని నవ్విన, మల్ల ఏడ్సిన. రెండూ అయినయ్. ఎవలకు జెప్పాలె? మామ గట్ల కూసున్నడాయె. ఆ పేడనీళ్ళల్ల నా కాళ్ళ వేళ్ళ సందులు ఎప్పుడు పుండ్లే. నిన్ను ఎత్తుకుందామంటే, నా చేతుల వాసనకు చిన్నప్పుడు మొకం తిప్పుకునేదానివి. పెయ్య వస్తది, పెయ్య వస్తది అని మామ అన్నప్పుడల్ల నేను లేశి బయటికి పోయేదాన్ని. అది వస్తే చూసేదెవరు? మల్ల నేనే కద." అప్పుడు అమ్మకు ఇప్పుడు నాకున్న వయసే ఉంటుంది.

సుక్క ఈనిందని, పెయ్యదూడేనని రాములు కబురు పంపాడు. తాత ఆ రోజు ఉతికిన ధోవతి కట్టుకుని, అవ్వనూ నన్నూ తీసుకుని బస్సెక్కాడు. రాములు ఇల్లు ఊరి చివర. మా గల్లీ లాంటిది ఏదీ లేదు, ఎటు చూసినా బీడు. కొట్టంలో చూస్తే దూడ ఉంది, సుక్క లేదు. దూడ నల్లగా, మెత్తగా, తాత కర్రను వాసన చూసి తుమ్మింది. తాత దాని నుదురు నిమురుతూ, "మీ అమ్మేది?" అని దాన్నే అడిగాడు. రాములు నవ్వి మమ్మల్ని ఇంటి వెనకాల కుంట దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళ మధ్య తెల్లమచ్చ ఉన్న ఒక తల తేలుతోంది. మెడదాకా మునిగి, కళ్ళు సగం మూసి, సుక్క నెమరు వేస్తోంది.

"సుక్కా!" అని పిలిచాడు తాత.

అది ఒక చెవి ఇటు తిప్పింది. అంతే. బయటికి రాలేదు.

"పొద్దుగూకేదాక రాదు మామా," అన్నాడు రాములు. "కట్టె వట్టుకోని బెదిరిచ్చినా రాదు."

"దానికి ఈతొస్తదా?"

"బర్రెకు ఈత ఎవలన్న నేర్పుతరా మామా!"

"మా ఇంట్ల ఉన్నన్నొద్దులు..." అని మొదలుపెట్టి తాత ఆగిపోయాడు. మా ఇంట్లో సుక్క ఏళ్ళ తరబడి ఒకే గుంజకు కట్టేసి ఉంది. దాని మీద నీళ్ళంటే తాత బకెట్‌తో పోసినవే. ఏడాదికి ఒక్క సదర్ రోజున మాత్రం వీధి చూసేది. తాత దాన్ని తక్కువ ప్రేమించాడని ఎవరూ అనలేరు. ఆయన కుంట గట్టు మీద కర్ర ఆనించుకుని, ఎండ తల మీదికి వచ్చేదాకా ఆ తలనే చూస్తూ నిలబడ్డాడు. తిరుగు బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. పురానాపూల్ దగ్గరికి వస్తుండగా, "మస్తు లోతు ఉన్నట్టుంది ఆ కుంట," అన్నాడు.

దూడ గడ్డి కొరకడం నేర్చాక రాములు మాట ప్రకారం తెచ్చాడు. ట్రాలీ ఆటో గల్లీలో ఆగగానే పిల్లలంతా మూగారు, ఖాజా భాయ్ పానా చేతిలోనే పట్టుకుని వచ్చాడు. జామకు అప్పటికి పిందెలు దిగాయి. మబ్బు పట్టి ఉంది, పైపులో నీళ్ళు సగందాకా ఊరి ఉన్నాయి. దూడను కొట్టంలోకి దించారు. అవ్వ దానికి బొట్టు పెట్టింది. అమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో కడిగిన గిన్నె, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తాత నీళ్ళ గోలెం నింపించాడు. దూడ మూతి ముంచి చప్పుడు చేస్తూ తాగింది. అది తాగినంతసేపు తాత ముఖంలో ఉన్న వెలుగు నాకు బాగా గుర్తు. ఇక అయిపోయింది, జామ పోయినట్టే అనుకున్నాను.

తాగడం అయ్యాక దూడ అటూ ఇటూ చూసి, మెడ సాచి, జామకొమ్మ ఒకటి నోటపట్టి లాగింది. పిందెతో సహా ఆకులు తెగి దాని నోట్లోకి పోయాయి.

"ఏయ్! హట్!" అని తాత కర్ర ఎత్తాడు.

కొట్టలేదు. ఎత్తాడంతే. కానీ ఆ చేతిని పశువు మీద ఎత్తగా మేమెవరమూ అంతకుముందు చూడలేదు. పిల్లల గోల కూడా ఆగింది. తాత తన చేతిని తానే చూసుకుని, కర్ర దించి, దూడ మూతి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తరువాత తల తిప్పకుండానే అన్నాడు.

"ఎక్కియ్యి రాములూ."

"ఏంది మామా? మాట ప్రకారం తెచ్చిన కద. నా దిక్కు తప్పేమన్న ఉన్నదా?"

"నీ తప్పేం లేదు బిడ్డా. ఈడ గోలెం ఖాళీ లేదు."

రాములు నీళ్ళ గోలెం వైపు చూశాడు. దాని పక్కనే దూడ మూతి నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ఏదో అనబోయాడు. తాత వెనక నుంచి అవ్వ తల అడ్డంగా ఊపింది. రాములు దూడ తాడు అందుకున్నాడు. "మల్ల ఎప్పుడు తేవాలె?" అన్నాడు.

"తేకు. కుంటల దిగనియ్ దాన్ని."

ఆటో గల్లీ మలుపు తిరిగేదాకా తాత గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వచ్చి, మంచం మీద కాకుండా పీట మీద కూర్చుని, "ఏడున్నదిరా నీ డ్రిల్లు?" అని, ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న నాన్నను అడిగాడు. నాన్న మంచం కిందికి దూరి పెట్టె లాగాడు. ఎక్కడ వెయ్యాలో తాతే చూపించాడు, అడుగుకు కొంచెం పైన, గోడ వైపు కాకుండా వాకిలి వైపు. డ్రిల్లు సిమెంటును కోస్తుంటే ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. తాత మూసుకోలేదు. గోలెం అంచు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. ముందు తెల్లటి పొడి రాలింది, తరువాత తుప్పు రంగు, ఆ తరువాత ఒక్కసారిగా నల్లటి నీళ్ళు దూకాయి. ఇన్నాళ్ళ కుడితి వాసన వాకిలంతా నిండింది. నీళ్ళు తాత పాదాల మీద నుంచి బండల సందుల్లోకి, అక్కడి నుంచి మోరీలోకి పోయాయి. అమ్మ అలవాటుగా చీపురు తెచ్చింది. "ఉండనియ్ బిడ్డా, అదే పోతది," అన్నాడు తాత. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయేదాకా ఎవరం కదల్లేదు.

ఆ జామ ఆ తరువాత చాలా ఏళ్ళు కాసింది. ఆ రోజులే మంచివని రాయాలని నాకు అనిపించడం లేదు. నా చిన్నతనంలో నన్ను ఎవరూ తూకం వేసి చూడలేదు, నా వెనక ఎవరూ గిన్నె పట్టుకుని తిరగలేదు, ఎందుకంటే గిన్నె పట్టుకోవలసిన ఆమె చేతులు పేడలో ఉన్నాయి. నాకు ఇప్పుడు చేతులు ఖాళీ, ఫోను నిండా సలహాలు. వేద ఒక పూట తినకపోతే ఆ లోటు నింపడానికి రెండు పూటలవి కూరుతాను. తాత మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రేమించింది సుక్కను. దానికి ఏం కావాలో ఆయనకు తెలిసింది మాత్రం అది ఆయన్ను వదిలి వెళ్ళాక. నేను ఈ మాటను నాకు నేనే చెప్పుకుంటున్నాను. రేపు పొద్దున గిన్నె నేల మీద పెట్టి, పక్కన కూర్చుని, నా పని నేను చేసుకుంటూ చూస్తాను. చెయ్యగలనో లేదో తెలియదు.

పోయిన వారం అమ్మను ఒక్కటి మాత్రం అడిగాను. తాత ఆ దూడను పంపింది నీ కోసమేనా అని. అమ్మ చేతికంటిన మట్టి దులుపుకుంది.

"ఏమో మరి! నా మొకం చూసి పంపిండో, సుక్కను చూసి పంపిండో, జామకొమ్మ ఇరిచిందని కోపమొచ్చి పంపిండో. నేనైతే అడగలే. అడిగితే కూసోని ఆలోచిస్తడేమో, రాములును మల్ల పిలుస్తడేమో అని నా భయం. ఆ సాయంత్రం మామ చాయ్‌ల చక్కెర జెర ఎక్కువ ఏసిన, గంతే. తాగి, గ్లాసు నా చేతికిచ్చుకుంట, మంచిగున్నది బిడ్డా అన్నడు."